రెండు సైకిళ్లు, ఒకటే నడుము: 14 నెలల అనుభవం

600 కిలోమీటర్ల బ్రెవే కోసం రెండు సైకిళ్ల మీద 14 నెలలు ప్రాక్టీసు చేశాను. ఒకటి రోడ్ సైకిలు: కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్, 25 మిల్లీమీటర్ల టైర్లు, వెనక చక్రానికి 11 గేర్ల క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి), బరువు 9 కిలోలు. ఇంకోటి ఎనిమిదేళ్ల నాటి హైబ్రిడ్: తిన్నటి హ్యాండిల్, 38 మిల్లీమీటర్ల టైర్లు, మడ్‌గార్డులు, క్యారియరు అన్నీ కలిపి 14 కిలోలు. రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నావని మొదట్లోనే ఒక తోటి రైడర్ హెచ్చరించాడు. ఆ మాట సగం నిజమైంది.

బ్రెవే గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిలు రైడు, రేసు కాదు. ముందొచ్చినవాళ్లకీ చివర వచ్చినవాళ్లకీ తేడా ఏమీ ఉండదు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27 గంటలు, 600కి 40 గంటలు గడువు. తిండి, నిద్ర, పంక్చర్లు అన్నీ ఆ గడువులోనే. లెక్కేస్తే గంటకు 15 కిలోమీటర్లు, అంతే. కాళ్లలో దమ్ము కంటే సీటు మీద ఎంతసేపు కూర్చోగలమన్నదే అసలు పరీక్ష. ఇది నాకు మొదట్లో అర్థం కాలేదు.

నా ప్లాను ఇలా ఉండేది. పనిరోజుల్లో నాలుగుసార్లు హైబ్రిడ్, శనివారం రోడ్ సైకిలు, ఆదివారం కుదిరితే మళ్లీ హైబ్రిడ్. దీని వెనక ఒక గట్టి నమ్మకం ఉంది: బరువు సైకిలు తొక్కి తొక్కి, తేలిక సైకిలు ఎక్కితే ఎగిరిపోతాం అని. చాలామంది ఇదే చెబుతారు. నేను ఐదు నెలలు నమ్మాను.

గుండె వేగం చూసే బెల్టు కట్టుకున్నాక గానీ కళ్లు తెరుచుకోలేదు. గుండె నిమిషానికి 135 సార్లు కొట్టుకునేటప్పుడు చదును రోడ్డు మీద రోడ్ సైకిలు 25 కిలోమీటర్ల వేగంతో పోతోంది, హైబ్రిడ్ 20తో. నా శ్రమ రెండిటి మీదా ఒకటే, వేగమే తక్కువ. గేరు తేలిక చేసుకుంటాం కాబట్టి కాళ్లకు అది బరువు సైకిలని తెలియనే తెలియదు. పైగా చదునులో ఆ అయిదు కిలోల బరువు పెద్దగా అడ్డు కాదు, అది ఎక్కుడులోనే తెలుస్తుంది. చదునులో అడ్డుపడేది గాలి. తిన్నటి హ్యాండిల్ మీద నిటారుగా కూర్చుంటే ఛాతీ మొత్తం గాలికి ఎదురు నిలుస్తుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, ఆ చివరి అయిదు కిలోమీటర్ల వేగం ఎంత తొక్కినా రాదు. అప్పటినుంచి రెండు సైకిళ్ల సగటు వేగాన్ని ఒకే నోట్‌బుక్కులో పక్కపక్కన రాయడం మానేశాను. గంటలు రాస్తాను, ఎంత కష్టంగా అనిపించిందో పదికి ఇన్ని అని మార్కులేస్తాను.

హైబ్రిడ్ వల్ల లాభం వేరే చోట దొరికింది. దాని మీద వేగంగా పోవాలని బుద్ధి పుట్టదు. రోడ్ సైకిలెక్కితే "ఈ రోజు మెల్లగానే" అని ఒట్టు పెట్టుకుని బయల్దేరినా, ఎవడో దాటిపోగానే మెల్లగా పోవడం అక్కడితో సరి. విశ్రాంతి రోజు నిజంగా విశ్రాంతిగా గడిచింది హైబ్రిడ్ మీదే. వాన పడినా, చీకటైనా, ఒక గంటే దొరికినా, ప్రత్యేకం బూట్లు, బట్టలు వెతుక్కోకుండా బయటపడొచ్చు. రోడ్ సైకిలు వెనక చక్రం హబ్ పాడై రిపేరులో తొమ్మిది రోజులున్నప్పుడు కూడా ప్రాక్టీసు ఆగలేదు.

ఇక కష్టాలు. రెండో నెలలో కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలైంది. చిత్రమేమిటంటే శనివారం 120 కిలోమీటర్లు తొక్కినా రాదు, మంగళవారం గంట తొక్కితే వస్తుంది. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి కొలత టేపు తీశాను. క్రాంకు (పెడల్‌ను పట్టి ఉంచే కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు రోడ్ సైకిలు మీద 73 సెంటీమీటర్లు ఉంటే, హైబ్రిడ్ మీద 71.2. సిగ్నల్ దగ్గర కాలు నేలకు ఆనాలని ఎప్పుడో సీటు దించి, అలాగే మరిచిపోయాను. సీటు తక్కువగా ఉంటే మోకాలు ఎక్కువగా ముడుచుకుని చిప్ప ముందు వైపు ఒత్తిడి పడుతుంది. ఒక్క దెబ్బకు ఎత్తేయకుండా నాలుగైదు రైడ్లకోసారి అయిదు మిల్లీమీటర్ల చొప్పున పెంచాను. నెల తిరిగేసరికి నొప్పి పోయింది.

అంకెలు ఒకటే చేసేస్తే చాలదని తర్వాత తెలిసింది. రోడ్ సైకిలు క్రాంకు 172.5 మిల్లీమీటర్లు, హైబ్రిడ్‌ది 170. పొట్టి క్రాంకున్న సైకిలుకు సీటు ఆ రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. మెత్తటి సీటు కూర్చోగానే దిగుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూటు అడుగు పల్చన, మామూలు బూటు అడుగు మందం. ఇవన్నీ సర్దుకున్నాక రెండు సీటు పోస్టుల మీదా ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాను. ఎవరైనా సైకిలు అడిగి తీసుకెళ్లి సీటు మార్చి తెచ్చినా మళ్లీ ఆ గీత దగ్గరికి లాగేస్తే సరిపోతుంది.

అయిదో నెలలో 300 తొక్కాను. 18 గంటల 10 నిమిషాల్లో అయిపోయింది గానీ, 220వ కిలోమీటరు దగ్గరే మెడ ఎత్తి రోడ్డు చూడలేని స్థితి. చేతుల్లో చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. అరచేతి అంచులోంచి ఆ రెండు వేళ్లకు పోయే నరం హ్యాండిల్ మీద నలిగితే ఇలా అవుతుందట. చొక్కా గుండీ పెట్టుకోవడానికి మూడు వారాలు తిప్పలు పడ్డాను. నోట్‌బుక్కు తీసి కూడితే కారణం దొరికింది. ఆ అయిదు నెలల్లో 2,900 కిలోమీటర్లు తొక్కితే అందులో రోడ్ సైకిలు మీద 1,000 మాత్రమే. గుండె, కాళ్లు ఏ సైకిలు మీదైనా సిద్ధమవుతాయి. మెడ, భుజాలు, అరచేతులు మాత్రం కూర్చున్న తీరుకే అలవాటు పడతాయి. హైబ్రిడ్ మీద నా మెడ ఒక్క రోజు కూడా పని చేయలేదన్నమాట.

ఆ 300లోనే ఇంకో తమాషా జరిగింది. తెల్లవారుజామున మూడు దాటింది, వెనక టైరు పంక్చరు. నోట్లో చిన్న టార్చి కరుచుకుని టైరు లివర్లతో ఒలిచి, పాత ట్యూబు లాగేసి, సీటు కింది బ్యాగులోంచి కొత్త ట్యూబు తీశాను. వాల్వు రిమ్ము కన్నంలో పట్టదే! బ్యాగు హైబ్రిడ్‌ది. అందులో ఉన్నది లావు ష్రేడర్ వాల్వు ట్యూబు. రోడ్ సైకిలు రిమ్ముకు సన్నటి ప్రెస్టా వాల్వు కోసం చేసిన కన్నం ఉంటుంది. ఆ కన్నం ఆరున్నర మిల్లీమీటర్లు, ష్రేడర్‌కు కావలసింది ఎనిమిదిన్నర. రోడ్డు పక్కన కూర్చుని పాత ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడ తగులుతుందా అని వెతికి, ప్యాచీ వేసేసరికి 50 నిమిషాలు పోయాయి. బ్యాగు ఎవరు మార్చారని ఇంట్లో ఎవరినీ అడగలేను, ముందు రోజు మార్చింది నేనే. ఇప్పుడు రెండు సైకిళ్లకీ వేరువేరు బ్యాగులు. ట్యూబు, లివర్లు, ప్యాచీలు, పంపు దేనివి దానికే.

అలవాట్లు కూడా ఇలాగే కలగాపులగమవుతాయి. హైబ్రిడ్‌కి డిస్క్ బ్రేకులు, రోడ్ సైకిలుకి రిమ్ము బ్రేకులు. వానలో రిమ్ము బ్రేకు ముందు నీళ్లు తుడుచుకుని తర్వాత పట్టుకుంటుంది. వారమంతా డిస్కు మీద తిరిగి శనివారం తడి దిగుడులో రోడ్ సైకిలు బ్రేకు నొక్కితే, ఆ క్షణంపాటు గుండె జారిపోతుంది.

ఆరో నెల నుంచి లెక్క తిరగేశాను. రెండు గంటలు దాటే ప్రతి రైడూ రోడ్ సైకిలు మీదే, అదీ బ్రెవే రోజున మోసే బ్యాగులు, లైట్లు అన్నీ తగిలించి. హైబ్రిడ్‌కి చిన్న రైడ్లు, తేలిక రోజులు, వాన రోజులు. మిగతా తొమ్మిది నెలల్లో 6,500 కిలోమీటర్లయితే అందులో రోడ్ సైకిలు వాటా 5,100. పదో నెలలో 400 తొక్కినప్పుడు వేళ్లు మొద్దుబారలేదు. మెడ పట్టింది గానీ ఓర్చుకోగలిగాను.

నిర్వహణ సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు సైకిళ్లుంటే అరుగుదల సగమవుతుంది, పని మాత్రం రెట్టింపవుతుంది. చైన్లు ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. 11 గేర్ల చైను 0.5 శాతం సాగగానే మారుస్తాను, 8 గేర్లదాన్ని 0.75 వరకు ఉంచుతాను. పట్టించుకోని సైకిలే సోమవారం పొద్దున గాలి దిగి కనిపిస్తుంది. మధ్యలో రెండు నెలలు రోడ్ సైకిలును ఇంట్లో ట్రైనరుకు, అంటే నిలబెట్టిన చోటే తొక్కే స్టాండుకు, బిగించాను. అది మాత్రం చేయొద్దు, చేసినా తువ్వాలు కప్పకుండా చేయొద్దు. తర్వాత హ్యాండిల్ టేపు విప్పితే అల్యూమినియం మీద తెల్లటి పొడి, చెమట ఉప్పు తినేసిన గుంటలు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టులు తుప్పు పట్టి, ఒకటి విప్పుతుండగా తల అరిగిపోయింది. హ్యాండిల్, బోల్టులు మార్చాల్సి వచ్చింది.

600 రైడు 38 గంటల 25 నిమిషాల్లో ముగిసింది. వేళ్లు బాగున్నాయి, మోకాళ్లు బాగున్నాయి. దెబ్బ కొట్టింది సీటు. మొదటి రోజు 340 కిలోమీటర్లు హాయిగా గడిచాయి. మూడు గంటలు నిద్రపోయి లేచి మళ్లీ కూర్చోగానే ప్రాణం పోయినంత పనైంది. చివరి 260 కిలోమీటర్లలో ప్రతి పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడ్డాను.

ఇది ప్రాక్టీసులో ఒక్కసారి కూడా ఎందుకు రాలేదు? శని, ఆదివారాలు వరసగా తొక్కిన రోజులు చాలా ఉన్నాయి. కానీ శనివారం రోడ్ సైకిలు, ఆదివారం హైబ్రిడ్. హైబ్రిడ్ సీటు వెడల్పు ఎక్కువ, కూర్చునే తీరు వేరు, బరువు పడే చోటు వేరు. శనివారం ఒరుసుకుపోయిన చోటుకు ఆదివారం సెలవు దొరికేది. నా శరీరం రెండో రోజుకు అలవాటు పడిందనుకున్నాను గానీ, దానికి రెండో రోజే చూపించలేదు. నొప్పి లేదని సంతోషపడిన ఆదివారాలన్నీ నన్ను మోసం చేశాయి.

కాబట్టి ఒకే సైకిలు ఉందని ఎవరైనా బాధపడుతుంటే, నా మాటగా ఆ బాధ అక్కర్లేదు. అది సరిగ్గా సరిపోయే సైకిలైతే 600కి చాలు. ఇంట్లో పాతది ఒకటి ఉంటే అమ్మొద్దు, సీటు ఎత్తు కొలిచి వాడుకోండి. కొత్తగా రెండోది కొనాలనుకుంటే ఆ డబ్బు మొదట నప్పే సీటు మీద, మంచి షార్ట్స్ మీద పెట్టండి.

నేను 75 గంటల గడువుండే 1,000 కిలోమీటర్లకు పేరిచ్చాను. రోడ్ సైకిలుకు సీటు మార్చాను, టైర్లు 28కి మార్చాను. ఈ మధ్య శని, ఆదివారాలు రెండూ దాని మీదే. హైబ్రిడ్ సోమవారం నుంచి శుక్రవారం వరకు. మొన్న ఆదివారం 70వ కిలోమీటరు దగ్గర ఆ పాత నొప్పే మళ్లీ మొదలైంది, ఈసారి ఇంటికి దగ్గర్లోనే. దిగి, సీటు ముక్కు ఒక డిగ్రీ కిందికి వంచి, మళ్లీ ఎక్కాను.