90 జీఎస్‌ఎం పీపీఈ కిట్: నర్సు కళ్లతో ఒక రివ్యూ

2020 మార్చిలో కోవిడ్ ముంచుకొచ్చే ముందు మన దేశంలో ఈ రకం కవరాల్స్, అంటే తలమీది హుడ్‌తో సహా ఒళ్లంతా కప్పే సూట్ల తయారీ దాదాపు లేదు. కొద్ది నెలల్లోనే వందల కంపెనీలు కుట్టడం మొదలుపెట్టాయి. కాబట్టి ఇది ఏదో ఒక బ్రాండ్ మీద రివ్యూ కాదు. కవరాల్, ఎన్95 మాస్క్, గాగుల్స్, ఫేస్‌షీల్డ్, రెండు జతల గ్లవ్స్, షూ కవర్లు ఒకే ప్యాకెట్లో వచ్చే 90 జీఎస్‌ఎం లామినేటెడ్ (గుడ్డకు పల్చటి ప్లాస్టిక్ పొర అతికిన) కిట్ ఎవరు కుట్టినా, ఇబ్బంది పెట్టే చోట్లు మాత్రం అవే.

ముందు ఆ 90 సంగతి. చదరపు మీటరు గుడ్డ 90 గ్రాములు తూగుతుందని మాత్రమే దానర్థం. రక్తం లోపలికి దిగుతుందో లేదో ఆ అంకె చెప్పదు. అది తేల్చేది సింథటిక్ బ్లడ్ (కృత్రిమ రక్తం) పరీక్ష. కేంద్ర ఆరోగ్యశాఖ అడిగింది అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 16603లో క్లాస్ 3, అంటే 3.5 కిలోపాస్కల్ ఒత్తిడి దగ్గర కూడా గుడ్డ తడి దిగనివ్వకూడదు. కోయంబత్తూరులోని జౌళి పరిశోధన సంస్థ సిట్రా ల్యాబ్ ఈ పరీక్షలు చేసింది. పాసైన వాటికి యూసీసీ (యూనిక్ సర్టిఫికేషన్ కోడ్) ఇచ్చారు. 2020లోనే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ఈ కవరాల్స్‌కి ఐఎస్ 17423 ప్రమాణం కూడా తెచ్చింది. ఇండెంట్ (స్టోర్‌కి పంపే కోరిక పత్రం) రాసేటప్పుడు జీఎస్‌ఎం ఒక్కటే రాసి ఊరుకుంటే, బరువున్న గుడ్డ వస్తుంది, అంతే.

పైగా గుడ్డ పాసైనా కుట్టు దెబ్బతీస్తుంది. సూది దిగిన ప్రతిచోటా బెజ్జమే. దానిమీద వేడిగాలితో టేపు అతికించాలి. కొత్త బ్యాచ్ రాగానే ఒక కిట్ విప్పి, కవరాల్‌ని లోపలివైపు తిప్పి, ట్యూబ్‌లైట్ కింద పెట్టి కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని గట్టిగా లాగి చూడండి. చంకల దగ్గర, తొడల మధ్య నాలుగు కుట్లు కలిసే చోట టేపు ముందు లేస్తుంది. జిప్పు మీది ఫ్లాప్‌కి డబుల్ సైడ్ టేపు ఉందో లేదో చూడండి. ఒకసారి ఊడదీస్తే అది మళ్లీ సరిగా అంటదు కాబట్టి, లోపల అన్నీ సర్దుకున్నాకే ఫ్లాప్ మూయాలి.

సైజు దగ్గర మొహమాటం వద్దు. వేసుకుని చేతులు పైకెత్తి, గొంతుకూర్చుని చూడాలి. హుడ్ వెనక్కి లాగినా, మణికట్టు బయటపడినా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. పేషెంటును బోర్లా తిప్పేటప్పుడు వంగుతాం, లాగుతాం. బిగుతు కవరాల్ చిరిగేది సరిగ్గా అప్పుడే. బొటనవేలికి లూప్ ఉన్న మోడల్ అయితే చెయ్యి ఎత్తినప్పుడు స్లీవ్ పైకి జరగదు. లూప్ లేకపోతే మణికట్టు దగ్గర టేపు వేస్తారు. వేస్తే దాని చివర కొంచెం మడిచి ఉంచండి, లేకపోతే విప్పేటప్పుడు గోకుతూ కూర్చోవాలి.

గాగుల్స్ మంచు పట్టాయంటే అందరూ గాగుల్స్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు మాస్కుది. ముక్కు దగ్గర క్లిప్‌ని ఒక చేత్తో నొక్కితే మధ్యలో మడతపడి పక్కల సందు వస్తుంది, ఊపిరి ఆ సందులోంచి పైకెళ్తుంది. రెండు చేతుల వేళ్లతో మధ్యనుంచి పక్కలకు అదమాలి. ఈ కిట్లలో ఎక్కువగా చెవులకు తగిలించే ఎన్95లే వస్తాయి. తల వెనక బిగించే స్ట్రాప్ ఉన్నదాని బిగువు వీటికి రాదు. తల వెనక కలిపే ప్లాస్టిక్ హుక్ వాడితే కొంత నయం. ముక్కు దూలం మీద పుండు పడకుండా పల్చటి హైడ్రోకొల్లాయిడ్ (చర్మాన్ని కాపాడే మెత్తటి డ్రెస్సింగ్) ముక్క అంటించవచ్చు గానీ, అంటించాక గాలి లీకవుతోందేమో మళ్లీ చూసుకోవాలి.

రెండు గ్లవ్స్ మీద క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) వేయడం వేరే విద్య. వేలికి నరం తెలియదు. లోపలిది కచ్చితమైన సైజు, పైది అర సైజు పెద్దది పెట్టుకుంటే వేళ్ల కొసల్లో ముడతలు తగ్గుతాయి. టూర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టి కాస్త ఎక్కువసేపు కంటితో వెతకాల్సిందే. హుడ్ ఉంటే స్టెతస్కోపు సంగతి మరచిపోవడమే.

షూ కవర్లకు నా దగ్గర తక్కువ మార్కులే. హైపోక్లోరైట్‌తో తుడిచిన తడి నేలమీద జర్రున జారతాయి. అడుగున గరుకు పట్టీ లేనివి తిప్పి పంపాలి.

అసలు లోటు ప్యాకెట్లోని కాగితంలో ఉంది. ఎలా వేసుకోవాలో బొమ్మలేసి చూపిస్తారు, విప్పడానికి రెండు లైన్లు. ఇన్‌ఫెక్షన్ అంటుకునే ప్రమాదం ఎక్కువగా ఉండేది విప్పేటప్పుడే, అందులోనూ ఆరు గంటల డ్యూటీ చేసి, చెమటతో తడిసి, దాహంతో తొందరపడుతున్నప్పుడు. పై గ్లవ్స్ తీసి చేతులకు శానిటైజర్. ఫేస్‌షీల్డ్ వెనక స్ట్రాప్ పట్టుకుని ముందుకు. జిప్పు తీసి, హుడ్ వెనక్కి చుట్టి, కవరాల్‌ని లోపలివైపు బయటికి వచ్చేలా కిందికి చుట్టుకుంటూ షూ కవర్లతో సహా వదిలేయాలి. తర్వాత గాగుల్స్. మాస్క్ మాత్రం కిట్ విప్పే గది దాటాకే, ముందుభాగం ముట్టకుండా. తల స్ట్రాపులైతే కింది స్ట్రాప్ ముందు, పైది తర్వాత. చివర్న లోపలి గ్లవ్స్. ప్రతి దశ మధ్యా చేతుల శుభ్రత. ఆసుపత్రిని బట్టి ఈ వరస కాస్త మారుతుంది, ఒక వార్డులో మాత్రం ఒకే వరస ఉండాలి.

దీన్ని వీడియో చూసి నేర్చుకోలేం. 2020లో కేంద్ర ప్రభుత్వ శిక్షణ వేదిక ఐగాట్ దీక్షలో ఆన్‌లైన్ కోర్సులు పెట్టారు, విషయం తెలుసుకోవడానికి పనికొచ్చాయి. చేతికి అలవాటు కావాలంటే అద్దం ముందు, పక్కన ఒకరు చెక్‌లిస్ట్ చదువుతుండగా చేయాలి. 2021 మేలో నర్సింగ్ కోర్సులైన బీఎస్సీ, జీఎన్‌ఎం పాసైనవాళ్లను సీనియర్ నర్సుల పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీలకు వాడుకోమని కేంద్రం చెప్పింది. అలా కొత్తగా వచ్చేవాళ్లకు గ్లవ్స్ మీద రంగు పూసి, విప్పాక ఒంటిమీద ఎక్కడెక్కడ అంటిందో చూపిస్తే చాలు, లెక్చర్ అక్కర్లేదు.

పేషెంటు వైపు నుంచి కూడా ఈ కిట్‌లో ఒక లోటుంది. ముఖం కనపడదు, మాట మూసుకుపోతుంది. ఛాతీమీద మార్కర్‌తో పేరు, 'సిస్టర్' అని పెద్దగా రాయండి. వేసుకునే ముందే రాసి ఆరనివ్వాలి. కిట్ వాళ్లు అక్కడ తెల్లటి స్టిక్కర్ ఒకటి ఇస్తే పోయేదేముంది?

వాడేశాక కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన కోవిడ్ మార్గదర్శకాల ప్రకారం మాస్కులు, క్యాపులు, షూ కవర్లు పసుపు బ్యాగులోకి. గాగుల్స్, ఫేస్‌షీల్డ్, నైట్రైల్ గ్లవ్స్, ప్లాస్టిక్ కవరాల్ ఎరుపులోకి. కిట్‌తో ఒకే ఒక్క బ్యాగు ఇచ్చి సరిపెట్టే సప్లయరుకు ఇది తెలియదనుకోవాలి. ఆర్డరులోనే రెండూ అడగండి.