మా అత్తయ్య సీరియల్, నా లినక్స్: నాలుగేళ్ళ వాడకం తర్వాత

"అమ్మాయ్, మళ్ళీ ఆగిపోయింది చూడు. పైన ఏదో పట్టీలాగా వచ్చింది."

నిరుడు ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో రోజుకి మూడు నాలుగుసార్లు వినబడిన మాట ఇది. ఆ పట్టీలో ఉండేది ఒకటే వాక్యం: వైడ్‌వైన్ ప్లగిన్ క్రాష్ అయింది. అంటే ఓటీటీ వీడియో కోసం బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం పడిపోయిందని. పక్కనే పేజీని మళ్ళీ లోడ్ చేసే బటన్. అది నొక్కితే ముందు రెండు ప్రకటనలు చూడాలి, ఆ తర్వాత కథ ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి. డెబ్బై దాటిన మనిషి ఓపికకి అంతకన్నా పరీక్ష అక్కర్లేదు.

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో. నేను మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. పగలంతా కంప్యూటర్ అత్తయ్యది, రాత్రి నాది. పొద్దున ఆవిడకి యూట్యూబ్‌లో ప్రవచనం, భోజనమయ్యాక ఓటీటీలో సీరియల్. రాత్రి నాకు లిబ్రెఆఫీస్‌లో కొట్టు లెక్కలు. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్. ప్రాసెసర్ నాలుగో తరం ఇంటెల్ ఐ5-4570, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ గ్రాఫిక్స్ 4600తోనే సరిపెట్టుకుంటున్నాం. మొదటి రోజు నుంచీ దాని మీద విండోస్ బదులు లినక్స్ మింట్, అందులో బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్.

నా తీర్పు ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ళ కోసం. పాత మెషీన్ మీద వీడియో చూడటానికి ఈ జోడీ బాగుంటుంది, మార్చే ఉద్దేశం నాకు లేదు. అయితే క్రాష్ అయిందని పట్టీలో ఎవరి పేరు కనబడుతుందో వాళ్ళే దోషి అనుకుంటే మాత్రం నాలాగే రెండు నెలలు పోగొట్టుకుంటారు.

ప్లగిన్ అనగానే మనకి గుర్తొచ్చే పాత రకం ఇప్పుడు లేదు. 2017 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 52 ఫ్లాష్ తప్ప మిగతా పాత ప్లగిన్లన్నిటికీ తలుపులు మూసింది. 2021 జనవరిలో 85వ వెర్షన్‌తో ఫ్లాష్ కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు యాడాన్స్ పేజీలో ప్లగిన్స్ అన్నచోట మామూలుగా కనబడేవి రెండే. ఒకటి సిస్కో వాళ్ళ ఓపెన్‌హెచ్264, ఇది ముఖ్యంగా వీడియో కాల్స్ కోసం. రెండోది గూగుల్ వాళ్ళ వైడ్‌వైన్, ఓటీటీల్లో తాళం వేసి పంపే వీడియోని విప్పేది. లినక్స్‌లో వైడ్‌వైన్ 2016లో ఫైర్‌ఫాక్స్ 49తో వచ్చింది. ఇక మామూలు యూట్యూబ్ వీడియోకి ఈ రెండిటితో పనే లేదు. అందులో హెచ్264 (వీడియోని కుదించి పంపే ఒక పద్ధతి) వీడియో వస్తే సిస్టమ్‌లో ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీయే దాన్ని విప్పి చూపిస్తుంది. ఈ తేడా నాకు ముందే తెలిసుంటే సగం తిప్పలు తప్పేవి. ప్రవచనం ఆగినా, సీరియల్ ఆగినా, "ప్లగిన్ పోయింది" అని ఒకే గాటన కట్టేసేదాన్ని.

పాత ఫ్లాష్ తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. 2012 ప్రాంతంలో మా పుట్టింట్లో ఎన్‌విడియా కార్డున్న కంప్యూటర్ ఉండేది, దాంట్లో ఉబుంటు, అదీ లినక్సే. ఫ్లాష్ 11.2 వేశాక యూట్యూబ్‌లో మనుషులందరి మొహాలూ నీలంగా మారిపోయాయి. అప్పట్లో లినక్స్ వాడినవాళ్ళందరికీ తెలిసిన జబ్బే అది. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌తో, అంటే ప్రాసెసర్ బదులు గ్రాఫిక్స్ చిప్పు వీడియో విప్పేటప్పుడు ఎరుపు, నీలం రంగులు తారుమారయ్యేవి. మా నాన్న ప్రవచనం పెట్టుకుని, "ఏందమ్మా ఈయన, రాముడి కథ చెబుతా చెబుతా రాముడే అయిపోయాడు" అన్నారు. వీడియో మీద రైట్ క్లిక్ చేసి, సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ టిక్ తీసేస్తే మనిషి మళ్ళీ మనిషి రంగులోకి వచ్చేవాడు. ఆ టిక్ తీసెయ్యడం అనే అలవాటు నా చేతికి అప్పుడే అంటుకుంది. పుష్కరం తర్వాత కూడా వీడియో అటూఇటూ అయితే నా చెయ్యి ముందు అక్కడికే పోతుంది.

నిరుడు కూడా అదే చేశాను. ఫైర్‌ఫాక్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపాను. క్రాష్‌లు తగ్గకపోగా పెరిగాయి. ఎందుకు పెరిగాయో తర్వాత చెబుతాను. ఆ మీదట అందరూ చెప్పేవన్నీ వరసగా చేశాను: కొత్త ప్రొఫైల్, యాడాన్స్ లేకుండా ట్రబుల్‌షూట్ మోడ్, ప్రొఫైల్ ఫోల్డర్‌లో వైడ్‌వైన్ ఉండే ఫోల్డర్ తీసేసి మళ్ళీ దింపించడం. ఈ చివరిది మంచి చిట్కాయే. దింపుకునేటప్పుడు ఫైలు పాడైతే నిజంగా పనిచేస్తుంది, రెండు నిమిషాల పని, ఫైర్‌ఫాక్స్ తనంతట తనే కొత్తది తెచ్చుకుంటుంది. మా ఇంట్లో మాత్రం మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అత్తయ్య మళ్ళీ పిలిచింది.

మే నెలలో యార్డుకి సెలవులిచ్చారు. బయట 44 డిగ్రీలు. కొట్టు లేదు, కాటా లేదు, కదిలే పని లేదు. ఈ గొడవేదో తేల్చుకుందామని కూర్చున్నాను.

ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ క్రాషెస్ అని కొడితే పాత క్రాష్ రిపోర్టులన్నీ వస్తాయి. నేను మెచ్చుకునే మొదటి సంగతి ఇదే. చాలా సాఫ్ట్‌వేర్లు పడిపోయి ఊరుకుంటాయి, ఇది ఎక్కడ పడిందో రాసి పెడుతుంది. రెండో సంగతి, వైడ్‌వైన్ విడి ప్రాసెస్‌గా, చుట్టూ కంచె కట్టుకుని నడుస్తుంది. అందుకే అది పోయినా బ్రౌజర్ నిలబడే ఉంటుంది, అత్తయ్య పక్క ట్యాబ్‌లో తెరిచిన పంచాంగం చెక్కుచెదరదు. ఫ్లాష్ మొదటి రోజుల్లో అయితే ప్లగిన్ పోతూ పోతూ బ్రౌజర్ మొత్తాన్నీ తీసుకుపోయేది.

ఆ రిపోర్టులు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూశాను. ప్లగిన్‌లోనే లోపముంటే రిపోర్టుల్లో పదే పదే ఒకే చోటు కనబడాలి. నావి అలా లేవు. ఒకటి వైడ్‌వైన్‌లో, ఇంకోటి యూట్యూబ్ ట్యాబ్‌లో, మరొకటి వీడియోతో సంబంధమే లేని చోట. అప్పుడు గుర్తొచ్చింది: ఏప్రిల్‌లో ఒక రాత్రి లిబ్రెఆఫీస్ దానంతటదే మూసుకుపోయింది. కొట్టు లెక్కల జిప్ ఫైలు ఒకటి పాడైందని తెరుచుకోలేదు, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే అదే ఫైలు నిక్షేపంలా తెరుచుకుంది. డిస్కు మీద ఫైలు బాగానే ఉండి, చదివాక పాడైందంటే, పాడు చేసేది మధ్యలో ఉన్న మెమరీ అయి ఉండాలి.

మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ని పెన్‌డ్రైవ్ మీద వేసి, దాంతో బూట్ చేశాను. రాత్రంతా నడపాలంటారు. నాకు ఇరవై నిమిషాల్లోనే ఎర్ర గీతలు మొదలయ్యాయి. రెండు మెమరీ స్టిక్కుల్లో ఒకటి తీసి, మళ్ళీ నడిపి, దాన్ని పెట్టి ఇంకోటి తీసి చూస్తే దొంగ దొరికాడు. సంక్రాంతికి ముందు, 4 జీబీ చాలడం లేదని సెకండ్ హ్యాండ్‌లో కొని వేయించిన రెండో 4 జీబీ స్టిక్. చలికాలంలో అప్పుడప్పుడూ ఒక క్రాష్ వస్తే పట్టించుకోలేదు. ఏప్రిల్‌కి అది రోజూ అయ్యేసరికి, జనవరిలో వేసిన స్టిక్ సంగతే నా బుర్రలోంచి పోయింది.

ఎండాకాలంలోనే ఎందుకు ముదిరింది? మెమరీ చిప్పులో ప్రతి బిట్టూ ఒక చిన్న విద్యుత్ చార్జి. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి క్షణంలో ఎన్నోసార్లు మళ్ళీ నింపుతూ ఉండాలి. వేడి పెరిగితే ఇంకా తొందరగా కారుతుంది. అసలే బలహీనంగా ఉన్న స్టిక్ మే నెల మధ్యాహ్నం తట్టుకోలేకపోయింది. పైగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లో బొమ్మలు కూడా ఆ మెమరీలోనే ఉంటాయి. వీడియో నడుస్తుంటే మెమరీ మీద రాయడం, చదవడం ఆగదు. అందుకే దెబ్బ ముందు వీడియోకే తగిలింది, పేరు వైడ్‌వైన్‌కి వచ్చింది.

అయితే ఆ డబ్బా లోపల అంత వేడి పుట్టించిన ఘనత నాది. స్టిక్ మార్చాక క్రాష్‌లు పోయాయి గానీ, ప్రవచనం నడుస్తుంటే ఫ్యాను మాత్రం పిండిమరలా మోగుతోంది. వీఏఇన్ఫో అనే చిన్న కమాండ్ కొడితే వీడియో డ్రైవర్ మొదలవ్వనే లేదని తేలింది. ఈటీసీ ఫోల్డర్‌లో ఎన్విరాన్‌మెంట్ ఫైలు తెరిచి చూస్తే, 2021లో ఎక్కడో చదివి నా చేత్తో నేనే అతికించిన లైను: ఐహెచ్‌డీ అనే డ్రైవర్ వాడమని. ఆ డ్రైవర్ ఐదో తరం బ్రాడ్‌వెల్ నుంచి పైవాటికి. మాది నాలుగో తరం హాస్‌వెల్, దీనికి కావలసింది ఐ965 అనే పాత డ్రైవర్. కొత్త ప్రాసెసర్లవాళ్ళు రాసుకున్న మందు తెచ్చి పాత ప్రాసెసర్‌కి పోశానన్నమాట. నాలుగేళ్ళుగా ఈ డబ్బాలో వీడియో పనంతా ప్రాసెసరే మోస్తోంది. పైగా ఏప్రిల్‌లో నేను టిక్ తీసేసరికి తెర మీద బొమ్మ గీసే పని కూడా దాని నెత్తినే పడి, వేడి ఇంకా పెరిగింది; క్రాష్‌లు పెరిగింది అందుకే. ఆ లైను తీసేశాను. కొత్తగా ఏమీ చేర్చక్కర్లేదు, మింట్‌లో రెండు డ్రైవర్లూ ఉంటాయి, సరైనది అదే ఎంచుకుంటుంది. 2023 జూలైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌కి లినక్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది కాబట్టి, నేను ఆపిన టిక్ వెనక్కి పెడితే చాలు.

ఇంకో మెలిక మిగిలింది. హాస్‌వెల్ గ్రాఫిక్స్‌కి హెచ్264 విప్పడం బాగా వచ్చు, యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతులు రావు. వాటికి మళ్ళీ ప్రాసెసరే దిక్కు. ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఐఫై అనే యాడాన్ వేస్తే యూట్యూబ్ చచ్చినట్టు హెచ్264 పంపుతుంది. దీనికి కట్టే మూల్యం, 1080పీ దాటి పైకి వెళ్ళలేరు. మా మానిటరే 1080పీ, మాకు పోయిందేమీ లేదు. మా మెషీన్లో ప్రవచనానికి సగం దాకా వాడే ప్రాసెసర్ ఇప్పుడు పది శాతం దాటడం లేదు. గ్రాఫిక్స్ చిప్పు ఏం చేస్తోందో చూపించే ఇంటెల్ జీపీయూ టాప్ తెరిస్తే వీడియో అన్న గీత కదులుతూ కనబడుతుంది, పని ఎవరు చేస్తున్నారో అనుమానం అక్కర్లేదు. నాలుగో తరం, అంతకన్నా పాత మెషీన్లున్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పే సలహా ఈ ఒక్క యాడానే. కొత్త మెషీన్లకి దీని అవసరం లేదు, వెయ్యకండి.

సీరియల్‌కి మాత్రం ఈ వైద్యాలేవీ పనిచెయ్యవు. లినక్స్‌లో వైడ్‌వైన్ తాళం తీయడంతో ఆగకుండా, వీడియో విప్పే పని కూడా తనే ప్రాసెసర్ మీద చేసుకుంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ ఎంత బాగున్నా దాని గడప తొక్కదు. అందుకని సీపీయూ ఫ్యాను విప్పి, దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే కొత్త పేస్టు రాయించాను. ఇక్కడి దుమ్ముకి అది ఏడాదికోసారి ఎలాగూ చెయ్యాలి.

ఏడాది కావస్తోంది. ఆ పట్టీ మళ్ళీ కనబడింది ఒక్కసారే, అదీ బ్రౌజర్ తెరిచి ఉండగానే నేను వెనక అప్‌డేట్లు వేసినప్పుడు. మూసి తెరిస్తే పోయింది. పాడైన స్టిక్ బదులు ఎనిమిది వందలు పెట్టి ఇంకోటి కొన్నాను, ఈసారి మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపించాకే మూత బిగించాను.

అత్తయ్య ఫిర్యాదు ఇప్పుడు వేరు. "ఎదురింటి వాళ్ళ టీవీలో చీర జరీ కూడా కనబడిద్ది. మన దాంట్లో మొహాలే అలుక్కుపోయినట్టు ఉంటాయేంది?" అంటుంది. అది నిజమే. లినక్స్‌లో వైడ్‌వైన్‌కి దొరికేది ఎల్3 అనే కింది స్థాయి భద్రత మాత్రమే, దాన్ని చూసి చాలా ఓటీటీలు పూర్తి హెచ్‌డీ ఇవ్వవు. ఇంట్లో కూర్చుని తిప్పగలిగే మీట కాదది. ఆ సంగతే ఆవిడకి వచ్చే మాటల్లో చెప్పాను. కాసేపు ఆలోచించి, కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకుంది.