గోస్తని మొగ దగ్గర భీమిలి: ఒక పూట చాలదు, ఒక రోజు కావాలి

విశాఖపట్నంలో కాపురముండే వాళ్లకు ఇంటికి చుట్టాలు వస్తే వాళ్లను భీమిలి తీసుకెళ్లడం ఒక ఆనవాయితీ. సాయంత్రం నాలుగింటికి కారెక్కి, సముద్రం పక్కనే సుమారు 30 కిలోమీటర్లు వెళ్లి, ఒడ్డున మొక్కజొన్న పొత్తులు తిని, ఫొటోలు దిగి, చీకటి పడేలోగా తిరుగుముఖం పడతాం. పదిహేనేళ్లుగా మా ఇంట్లోనూ జరిగింది ఇదే. ఈ సంక్రాంతి వెళ్లాక వరంగల్ నుంచి వచ్చిన మా బావగారు, చరిత్ర మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు కనుక, దీనికి ఒప్పుకోలేదు. "ఏమోయ్ బావమరిదీ, ఊరు చూడకుండా అలలు చూసి వస్తే భీమిలి చూసినట్టెలా అవుతుంది?" అన్నారు. ఆయన మాట మీద ఒక రోజంతా దానికే కేటాయించాం.

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి రుషికొండ మీదుగా వెళ్లే 900కె సిటీ బస్సులో తెల్లవారుజామునే బయలుదేరాం. కారులో వెళితే దారిలోని బౌద్ధ స్థలం తొట్లకొండ దగ్గరా, ఎర్రమట్టి దిబ్బల దగ్గరా ఆగాలనిపిస్తుంది, ఆగితే భీమిలి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఆ రెండూ చూడదగ్గవే, ముఖ్యంగా దిబ్బలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది కూడా, కానీ వాటికి వేరే రోజు పెట్టుకోవడమే న్యాయం.

బస్సు దిగగానే అందరూ నడిచే వైపు నడవకుండా ముందు నది దగ్గరికి వెళ్లమని నా సలహా. ఈ ఊరు పుట్టింది నది వల్లనే. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయాన్ని నింపి, ఇక్కడ బంగాళాఖాతంలో కలుస్తుంది. అలా కలిసే చోటే మొగ. బొర్రాలో ఆవు పొదుగును పోలిన సున్నపురాతి రూపం నుంచి నీరు జారుతుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. మేము వెళ్లేసరికి ఏడు కాలేదు. ఏటి నీరు పలుచని టీ రంగులో నెమ్మదిగా జారుతూ ఇసుక మేటను ఒరుసుకుంటూ పోతుంటే, దానికి బారెడు దూరంలో సముద్రపు నీరు ఆకుపచ్చగా లేస్తోంది. ఆ రెండింటికీ మధ్య వంకరటింకర నురుగు గీత ఒకటి, చూస్తుండగానే అటూ ఇటూ జరుగుతోంది. పడవ నీడలో కూర్చుని కాలి బొటనవేలికి వల తగిలించుకుని కన్నాలు అల్లుతున్న ఒక పెద్దాయనను బావగారు ఆ గీత గురించి అడిగారు. "ఇప్పుడు పాటు బాబూ, ఏరు కిందికి దిగతంది. ఇంకో రెండు గంటలాగితే పోటొస్తాది, అప్పుడు సముద్రమే ఏట్లోకి ఎక్కుతాది" అని, సూది ఆపకుండానే చెప్పాడాయన. ఒకనాడు సరుకుల పడవలు ఈ మొగలోకి వచ్చిపోవడానికీ ఇదే లెక్క అయి ఉండాలని మాకు తోచింది.

పదిహేడో శతాబ్దం మధ్యలో, గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో, డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది ఈ తీరపు నేతబట్టల కోసమే. 1824లో ఐరోపాలో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. దేశంలోని తొలి మునిసిపాలిటీల్లో ఇదొకటి. ఆ తరువాతి కాలంలో ఈ రేవు పేరును ప్రపంచానికి తెలిపింది గోగునార. మన ఉత్తరాంధ్ర చేలల్లో పండి ఇక్కడి నుంచి ఓడలెక్కిన ఆ నారకు విదేశీ వ్యాపారుల భాషలో "బిమ్లిపటం జూట్" అనే పేరే స్థిరపడింది. గోంగూర పచ్చడి తినే మనకు ఆ మొక్క నారతో నేసిన గోనెసంచులు సముద్రాలు దాటాయని తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నదికి కొంచెం పైన, చిట్టివలసలో మూతపడి ఉన్న జూట్ మిల్లు ఆ కథకు చివరి పుట.

డచ్చి సమాధుల దగ్గరికి తొమ్మిదిలోపే చేరండి. ఇది చూడటానికి వేళ చాలా ముఖ్యం. నిలువెత్తును మించి లేచిన మొనదేలిన కట్టడాలు కొన్ని, నేల మీద పరిచిన రాతి పలకలు కొన్ని. ఉప్పుగాలికి అక్షరాల అంచులు అరిగిపోయాయి, గాళ్లలో నల్లటి నాచు పట్టింది. పొద్దుటి ఏటవాలు ఎండలో ప్రతి అక్షరానికీ ఒక పక్క సన్నని నీడ పడి చదవడానికి వీలవుతుంది. మేము మధ్యాహ్నం మళ్లీ అటుగా వచ్చినప్పుడు అదే పలక నున్నటి బండలా కనిపించింది. బావగారు మోకాళ్ల మీద వంగి, ఒక పలక మీద వేలితో గాడి వెంట రాసుకుంటూ పోయి, ఒకటీ ఆరూ అంకెలు పట్టుకున్నారు. తరువాతి రెండంకెలు అరిగిపోయాయి. పదిహేడో శతాబ్దంలో ఎవరో ఒకరు, తన ఊరికి అన్ని వేల మైళ్ల దూరంలో, మన మట్టిలో కలిశారు. అక్క తన బుట్టలోని రెండు బంతిపూలు ఆ పలక మీద ఉంచింది. గంట స్తంభం, పాత దీపస్తంభం నడిచి చేరేంత దూరంలోనే ఉన్నాయి. వాటికి అరగంట చాలు.

భోజనం విషయంలో నా అభిప్రాయం స్పష్టం. తీరంలో అలంకరించిన రెస్టారెంట్లలో తినే చేపల వేపుడు విశాఖలోనూ దొరుకుతుంది, పైగా చవకగా దొరుకుతుంది. బజారు వీధిలో ఒక చిన్న మెస్సులో మేము తిన్న చందువ పులుసుకు మాత్రం సాటి లేదు. మెస్సు నడిపే ఆవిడ చింతపండు తక్కువ వేసి, చివర్లో మెంతిపొడి చల్లారు. పన్నెండున్నర దాటితే పులుసు అయిపోతుందని ముందే చెప్పారు, చెప్పినట్టే మా వెనక వచ్చినవాళ్లకు సాంబారే మిగిలింది. శాకాహారులు టిఫిన్ల వేళకే కడుపు నింపుకోవడం మేలు.

మధ్యాహ్నం మూడు దాటాక పావురాలకొండ ఎక్కాం. నరసింహస్వామి ఆలయం ఉన్న ఈ కొండ మీద ఒకప్పటి బౌద్ధారామం ఆనవాళ్లు, భిక్షువులు వాననీరు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. తొట్లకొండ అంత తీర్చిదిద్ది ఉండదు, జనమూ రారు. అందుకే నాకు ఇదే ఎక్కువ నచ్చింది. పైనుంచి చూస్తే పొద్దున్న మనం నిలబడిన మొగ, ఊరు, నది వంపు అన్నీ ఒకే చూపులో అందుతాయి. తాగునీళ్లు కిందనుంచే తీసుకెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవారు సామాన్లు లేకుండా, తోడుతో ఎక్కడం మంచిది.

రాత్రి అక్కడ ఉండాలా వద్దా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. పోయిన ఏడాది సముద్రం కనిపించే గది అని చెప్పి డబ్బు ముందే కట్టించుకున్న ఒక రిసార్ట్ వాళ్లు, తీరా వెళ్లాక జనరేటర్ గోడ కనిపించే గది ఇచ్చారు. రెండు గంటలు బతిమాలితే గానీ మార్చలేదు. కాబట్టి గది ఫొటో కాదు, కిటికీ ఎటు తెరుచుకుంటుందో ఫోనులో అడిగి తెలుసుకోండి. తెల్లవారుజామున మొగ చూడటమే లక్ష్యమైతే ఊళ్లోని చిన్న లాడ్జిలో నిద్ర చేయడం చాలు, దుప్పటి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి. విశాఖలో ఇల్లున్నవారికి తొలి బస్సే మంచి మార్గం. ఆడవాళ్లకు శౌచాలయం దొరకడమే ఈ రోజంతటిలో నిజమైన ఇబ్బంది. మా అక్క రెండుసార్లు ఆ మెస్సు ఆవిడ ఇంటికే వెళ్లవలసి వచ్చింది. ఆమె విసుక్కోకుండా తలుపు తీసినందుకు మేము రుణపడి ఉన్నాం.

ఆరింటి బస్సుకు ముందు బస్టాండు దగ్గర ఒకామె కాల్చిన తేగలు కట్టలుగా కట్టి అమ్ముతుంటే రెండు కట్టలు కొన్నాం. తిరుగు ప్రయాణంలో సముద్రం ఎడమ పక్కన వస్తుంది, ఆ కిటికీ సీటు అక్కకు ఇచ్చాం. ఆమె తేగ చీల్చి, పీచు తీసి, లోపలి చందమామను బావగారికి అందిస్తుండగా బస్సు ఎర్రమట్టి దిబ్బలు దాటింది. "వీటికి ఎప్పుడు?" అన్నారు బావగారు.