విశాఖలో 'అడాప్షన్ ఫుల్ ప్యాకేజీ': దేనికి డబ్బివ్వచ్చు, దేనికి అక్కర్లేదు

ద్వారకానగర్‌లో వీసా ఫైళ్లు చేసిపెట్టే ఆఫీసులకి కొదవలేదు. అందులో ఒకటి 'అడాప్షన్ ఫుల్ ప్యాకేజీ' అమ్ముతోంది. ఇక్కడి బిడ్డను అమెరికాలో ఉన్న మనవాళ్లు దత్తత తీసుకుంటే, మొదటి కాగితం నుంచి సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ దాకా అంతా తామే చూసుకుంటామని వాళ్ల మాట. పేరు రాయడం లేదు. ఇదే ప్యాకేజీ వేరే బోర్డు కింద కూడా దొరకొచ్చు కాబట్టి, లోపల ఏముందో తెలిస్తే చాలు. మా లెక్కలో ఐదుకి రెండు మార్కులు. ఆ రెండూ తర్జుమాకీ టైపింగుకీ.

అసలు చిక్కు ప్యాకేజీలోని మొదటి పనిలోనే ఉంది: సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత డీడ్ రిజిస్ట్రేషన్. అన్నయ్య అమెరికా సిటిజన్, తమ్ముడి కొడుకుని పెంచుకుంటాడు, స్టాంప్ పేపర్ మీద రాసుకుంటే పనైపోతుందని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద ఆ డీడ్ ఇక్కడ చెల్లొచ్చు. అమెరికా వీసాకి మాత్రం అదే అడ్డం పడుతుంది. ఇండియా 2003 నుంచీ, అమెరికా 2008 నుంచీ దేశాల మధ్య దత్తతలకి నియమాలు పెట్టే హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి. దాని ప్రకారం వరస ఇది: ముందు గుర్తింపు పొందిన ఏజెన్సీ పెంచుకునేవాళ్ల ఇంటి పరిస్థితి చూసి రాసే హోమ్ స్టడీతో ఐ-800ఎ (దత్తతకి వాళ్లు తగినవాళ్లని తేల్చే అమెరికా దరఖాస్తు), తర్వాత బిడ్డ పేరు మీద ఐ-800 అనే దరఖాస్తుకి తాత్కాలిక ఆమోదం, ఢిల్లీలోని అమెరికా ఎంబసీ నుంచి దత్తత కానివ్వచ్చని చెప్పే ఆర్టికల్ 5 లెటర్, ఆ తర్వాతే ఇక్కడ కలెక్టర్ ఇచ్చే దత్తత ఆర్డర్. దత్తత ముందే పూర్తయితే, దాన్ని రద్దు చేయించుకుంటే తప్ప ఐ-800 తిరస్కరిస్తారు. అంటే ఈ ప్యాకేజీలో మొదట డబ్బు కట్టే పనే ఫైలుకి మొదటి దెబ్బ.

బంధువుల పిల్లల విషయంలో ఇంకో రెండు సంగతులు కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. మన జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బిడ్డకి బంధువంటే తండ్రి తరఫు, తల్లి తరఫు మామయ్యలు, బాబాయిలు, అత్తలు, పిన్నులు, తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు. అంతే. పెదనాన్న మనవడిని బాబాయి వరసలో తీసుకుందామంటే ఈ దారి లేదు. రెండోది అమెరికా చట్టంలో ఉంది: కన్న తల్లిదండ్రులిద్దరూ బతికుంటే, బిడ్డను సరిగా సాకే స్థితిలో వాళ్లు లేరని చూపించాలి. తమ్ముడికి స్టీల్‌ప్లాంట్‌లో పర్మనెంట్ ఉద్యోగం, గాజువాకలో సొంతిల్లు ఉంటే ఆ మాట నిలబడదు. అఫిడవిట్ ఎంత కరుణంగా రాయించినా అంతే.

గ్రీన్‌కార్డు, హెచ్-1బీ వాళ్లకి కూడా ఇదే ప్యాకేజీ అమ్ముతున్నారు. ఐ-800ఎ వేయాలంటే దంపతుల్లో ఒకరైనా అమెరికా సిటిజన్ అయి ఉండాలి. గ్రీన్‌కార్డు వాళ్లకి మిగిలేది ఐ-130, అంటే కుటుంబసభ్యుల కోసం వేసే మామూలు దరఖాస్తు: పదహారేళ్లు నిండకముందే దత్తత పూర్తయి ఉండాలి, రెండేళ్లు బిడ్డ చట్టబద్ధంగా వాళ్ల సంరక్షణలో ఉండాలి, రెండేళ్లు బిడ్డతో కలిసి ఒకే ఇంట్లో ఉండాలి. అంటే ఎవరో ఒకరు ఇక్కడికొచ్చి ఉండాల్సిందే. అన్నాళ్లు ఇక్కడుంటే గ్రీన్‌కార్డుకే ఎసరు. ఇది లాయరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం, టైపిస్టుతో కాదు.

బిల్లులో 'ఐ-800 గవర్నమెంట్ ఫీజు' అని ఒక లైను ఉంది. ఐ-800ఎ ఆమోదం మీద వేసే మొదటి ఐ-800కి ఫీజే లేదు. అపోస్టిల్‌కి (కాగితం అసలైనదేనని ప్రభుత్వం వేసే ముద్రకి) ఇంకో లైను: ఇక్కడి బర్త్ సర్టిఫికెట్‌కి, ఆర్డర్‌కి అమెరికా వీసా అధికారులు అపోస్టిల్ అడగరు. పాస్‌పోర్ట్‌కి వేరే చార్జీ: శిశుగృహం నుంచి తీసుకున్న బిడ్డకైతే దత్తత ఆర్డర్ కాపీ చేతికొచ్చాక మూడు పనిదినాల్లో దరఖాస్తు పెట్టే బాధ్యత ఆ సంస్థదే. మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర నిలబడడానికి మనిషిని పెట్టుకోనక్కర్లేదు.

తర్జుమా మాత్రం బాగా చేస్తారు. కన్నవాళ్లు బిడ్డను అప్పగిస్తూ తెలుగులో రాసిన కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు గుండ్రటి ముద్రలోని అక్షరాలు, మార్జిన్‌లో పెన్నుతో వేసిన తేదీ కూడా వదలరు. అడుగున అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, చిరునామా, 'పూర్తిగా, సరిగా అనువదించాను, ఈ రెండు భాషలూ నాకు వచ్చు' అన్న వాక్యం ఉంటాయి. అమెరికా వాళ్లకి కావలసింది అదే. నోటరీ ముద్ర అవసరం లేదు. ఒక్క లోపం తేదీల్లో ఉంది. 03-04 అంటే మనకి ఏప్రిల్ మూడు, వాళ్లకి మార్చి నాలుగు. అప్పగించిన రోజు నుంచి రెండు నెలలు కన్నవాళ్లకి మనసు మార్చుకునే గడువుంటుంది. అది దాటాకే బిడ్డ దత్తతకి అర్హురాలని జిల్లా బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ప్రకటిస్తుంది. తేదీ తిరగబడితే గడువు పూర్తికాకుండానే ప్రకటించినట్టు కనపడొచ్చు, ఫైలు మీద ప్రశ్న రావచ్చు. నెల పేరు అక్షరాల్లో రాయించుకోండి.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, మన ఇంటిపేర్ల మహిమ అలాంటిది. కలెక్టర్ ఆర్డర్‌లో 'కె. శ్రీనివాసరావు', హోమ్ స్టడీలో 'శ్రీనివాసరావు కొత్తపల్లి', జీవీఎంసీ బర్త్ సర్టిఫికెట్‌లో 'కొత్తపల్లి శ్రీనివాస రావు' అని ఉంటే ముగ్గురు తండ్రులైనట్టే. ఆర్డర్ డ్రాఫ్టు దశలోనే అమెరికన్ పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇచ్చి అక్షరం అక్షరం సరిపోల్చమనాలి. బిడ్డ ఇండియన్ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో పేరు సర్‌నేమ్ గడిలోకి పోయి, పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' (అసలు పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత ప్రతి కాగితం మీదా అదే వెంటాడుతుంది. ఈ ఆఫీసు వాళ్లు ఆ గడి సంగతి అడగనే అడగరు.

మెడికల్ విషయంలో ప్యాకేజీ ఇచ్చే సలహా తప్పు. ఊళ్లో పేరున్న పిల్లల డాక్టరు సర్టిఫికెట్ చాలంటారు. అది చెల్లదు, ఎంబసీ ప్యానెల్ డాక్టరే చూడాలి. రెండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకి టీబీ రక్తపరీక్ష ఉంటుంది. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే, అందులో అనుమానం ఉంటే కళ్లె కల్చర్. అది వారాల పని. విమాన టికెట్లు ఆ ఫలితం చూశాకే కొనాలి.

ప్యాకేజీలో చివరిది 'సిటిజన్‌షిప్ అప్లికేషన్'. ఇక్కడే దత్తత పూర్తయి ఐహెచ్-3 వీసాతో వెళ్లే పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ, సిటిజన్ తల్లిదండ్రులతో ఉండడానికి అమెరికాలో అడుగుపెట్టగానే సిటిజన్ అవుతుంది. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. సర్టిఫికెట్ పోస్టులో ఇంటికే వస్తుంది, దానికోసం ఎన్-600 అనే దరఖాస్తు వేయనక్కర్లేదు. ఐహెచ్-4తో వెళితే అక్కడి రాష్ట్ర కోర్టులో దత్తత పూర్తిచేశాకే పౌరసత్వం. ఎన్-600 అప్పుడు. డబ్బు కట్టే ముందు ఏ వీసా అని అడగండి. మా ముందు కౌంటర్‌లో ఉన్నాయనకి ఈ రెండింటికీ తేడా తెలియలేదు.

సర్టిఫికెట్ వచ్చాక సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో రికార్డు మార్పించుకోవాలి, బిడ్డ ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవాలి. వేసవి సెలవులకి వైజాగ్ రావాలనుకుంటే ఓసీఐ కార్డు చేతికొచ్చాకే టికెట్లు తీసుకోవడం మేలు. ఈ రెండూ ప్యాకేజీలో లేవు.