కోర్సు అమ్ముకునే యాప్: ఆ ఒక్క తాళంతోనే నా పేచీ

జీడిపిక్కల కొనుగోలు, గ్రేడింగ్ మీద నేను చేసిన వీడియో కోర్సుని ఇన్నాళ్లూ ఒక దేశీ ప్లాట్‌ఫామ్ మీదే అమ్ముతున్నాను. ఏటా చందా కట్టే రకం. పేరు చెప్పను. వీడియోలు ఎక్కించడం, కూపన్లు, బిల్లులు అందరికీ తెలిసినవే. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటుంది. 999 రూపాయల కోర్సుకి 23 రూపాయల 58 పైసలు. అక్కడ నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా ‘ఒక ఖాతాకి ఒకే ఫోన్’ అన్న తాళంతోనే.

మొదట్లో దీన్ని నేనే నలుగురి దగ్గరా మెచ్చుకున్నాను. అంతకుముందు నా పాఠాలు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊరికే తిరిగేవి. తాళం పడ్డాక తగ్గాయి. స్క్రీన్ రికార్డు చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రాదు. కాకపోతే పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీసేవాణ్ని ఏ తాళమూ ఆపదు. అలా తీసిన పాఠం ఒకటి తిరిగి తిరిగి నాకే ఫార్వర్డ్ అయి వచ్చింది, వెనకాల కుక్కర్ కూతతో సహా.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మార్చి నుంచి మే దాకా పిక్క దిగే కాలం. నా కోర్సులో అప్పుడు అందరూ తెరిచేది ఒకటే పాఠం, కోత పరీక్ష. కిలో పిక్కలు శాంపిల్ తీసి, కోసి, పప్పు తూచాలి. మచ్చపడినదీ, ముడుచుకున్నదీ సగం బరువే లెక్క. 270 గ్రాములు తేలితే 80 కిలోల బస్తాకి 21 కిలోల 600 గ్రాముల పప్పు. అదే 250 తేలిందంటే బస్తాకి కిలోన్నర పైనే పోయినట్టు. ధర దగ్గర బేరం అంతా దీని మీదే.

కవిటి వైపు ఒక పెద్దాయన సరిగ్గా ఆ పని మీద ఉండగా ఫోన్ తెర పగిలింది. సిమ్ తీసి కోడలి ఫోన్‌లో వేసుకున్నాడు. ఓటీపీ వచ్చింది, పాఠం మాత్రం తెరుచుకోలేదు. ‘ఈ ఖాతా వేరే పరికరంలో నమోదైంది’ అంటుంది యాప్. ఎదురుగా కాటా, పక్కన షావుకారి గుమస్తా, కోసిన పిక్కలు పళ్లెంలో. నాకు ఫోన్ చేశాడు: “డబ్బులు కట్టి కొనుక్కున్న సరుక్కి మళ్లీ నీ తాలమేటి బావూ?”

అమ్మేవాడి ప్యానెల్ అంతా వెతికాను. కోర్సు నాది, కొన్నవాడు నావాడు, రీసెట్ బటన్ మాత్రం నా చేతిలో లేదు. సపోర్టుకి టికెట్ పెడితే 48 గంటల్లో చూస్తామని మెషీన్ జవాబు. అది శనివారం. లెక్క నేనే ఫోన్‌లో చెబుతుంటే ఆయన సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాడు. తాళం మంగళవారం తీశారు. ఏడాదిలో ఇంకొక్కసారే ఫోన్ మార్చుకోవచ్చని ఒక హెచ్చరిక కూడా తగిలించారు.

ఆ మర్నాడే కోత పరీక్ష లెక్కని రెండు పేజీల పీడీఎఫ్ చేసి, కొన్న ప్రతివాడి నంబరూ పేజీ అడుగున వేసి వాట్సాప్‌లో పంపాను. నేను ఊహించనిది ఇక్కడ జరిగింది. కాశీబుగ్గలో జిరాక్స్ తీయించి గోడౌన్ల గోడలకి అంటించుకున్నారు. నేను లైట్లు పెట్టి తీసిన వీడియోల కంటే ఆ కాగితం గురించే ఎక్కువ ఫోన్లు. దాన్ని చూసి కోర్సు కొన్నామన్నవాళ్లూ ఉన్నారు. ఎందరని లెక్క తీయలేదు, చూసి ఊరుకున్నవాళ్లే ఎక్కువ అయుండొచ్చు.

డీఎస్సీ, గ్రూప్స్ పాఠాలు అమ్మేవాళ్లకి ఈ తాళం వరమే కావచ్చు, అక్కడ ఎవరి ఫోన్ వాళ్లది. నా దగ్గర కొనేవాళ్లది అలా కాదు. ఇంట్లో ఒక ఫోన్ నలుగురి చేతులు మారుతుంది. కొడుకు చెన్నై వెళ్తే ఫోన్ కూడా వెళ్తుంది, నంబరు ఇక్కడ ఉండిపోతుంది. అందుకే ఇప్పుడు కొత్తవాళ్లని డబ్బు కట్టకముందే అడుగుతున్నాను, ఏ ఫోన్‌లో చూస్తారని.

చందా గడువు ఫిబ్రవరిలో అయిపోతుంది. రీసెట్ బటన్ నా చేతికిస్తే మారు మాట్లాడకుండా కడతాను. ఇవ్వకపోయినా, పిక్క దిగే ముందు పాత కొనుగోలుదార్లందరినీ ఇంకో చోటికి మార్చే ఓపిక నాకుందో లేదో.