తుంటి విరిగి ఆపరేషన్ కోసం ఆగిన రోజుల్లో: ట్రమడాలా, నరాల బ్లాకా?

మా జేజికి 78 ఏళ్లు. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. పుత్తూరు కట్టు కట్టిద్దామా, కర్నూలుకు తీసుకుపోదామా అని ఇంట్లో రెండు రోజులు మాటలతోనే గడిపాం. ఇప్పటికీ బాధపడేది ఆ రెండు రోజుల గురించే. కర్నూలు చేరాక బీపీ, షుగరు, గుండె పరీక్షలు, రక్తం సిద్ధం చేసుకోవడం, ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి అంటూ ఇంకో మూడు రోజులు పట్టింది. పడుకుని ఉంటే ఓర్చుకునేది. బెడ్‌పాన్ పెట్టాలన్నా, దుప్పటి మార్చాలన్నా "నన్ను కదిలించొద్దురా నాయనా" అని ఏడ్చేది.

ఊర్లో అప్పటికే రెండు సూదులు వేయించాం. మనవైపు నొప్పి సూది అంటే డైక్లోఫెనాకే. ఎవరూ భయపడరు. కానీ బీపీ, షుగరు ఉన్న ముసలివాళ్లకు అది కిడ్నీలను దెబ్బతీయవచ్చు, కడుపులో రక్తస్రావం తేవచ్చు. తుంటి విరిగినవాళ్లకు ఈ రకం మందులు వద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు నేరుగా చెబుతున్నాయి. జేజి రక్తంలో క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని డాక్టర్ చెప్పినప్పుడు గానీ మాకు ఆ సంగతి తెలియలేదు.

తర్వాత ట్రమడాల్ మాట వచ్చింది. అది మార్ఫిన్ జాతి నొప్పి మందు. "మత్తు మందు వద్దు సార్, అలవాటైతే ఎట్లా?" అన్నాడు చిన్నాయన. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది కాబట్టి ఆ భయం అందరిలోనూ ఉంది. విరిగిన ఎముకకు డాక్టర్ కళ్ల ముందు నాలుగైదు రోజులు వాడితే అలవాటైపోవడం చాలా అరుదు. ముసలివాళ్ల విషయంలో చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: వాంతులు, మలబద్ధకం, తల తిరగడం, మనుషుల్ని గుర్తుపట్టలేని అయోమయం. మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ రావచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇంతా చేసి కదలకుండా పడుకున్నప్పటి నొప్పిని తగ్గిస్తుందే గానీ, పక్కకు తిప్పినప్పుడు పొడిచే నొప్పిని అంతగా ఆపలేదు. జేజికి సగం డోసు ఇచ్చారు. రాత్రంతా మగతగా ఉంది, తెల్లారి దుప్పటి మార్చబోతే మళ్లీ అదే అరుపు.

నరాల బ్లాక్ గురించి మాకు అసలు తెలియదు. మత్తు డాక్టర్ వచ్చి, స్కానింగ్ మిషన్‌లో చూస్తూ గజ్జ దగ్గర, తుంటి నొప్పిని మోసే నరాల చుట్టూ తిమ్మిరి మందు ఎక్కించాడు. అరగంటకల్లా నర్సమ్మ, నేను కలిసి జేజిని పక్కకు తిప్పాం. అరవలేదు. కాఫీ అడిగింది. తుంటి విరిగినవాళ్లపై జరిగిన 49 ప్రయోగాలను కలిపి చూసిన కొక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2020 నాటి సమీక్ష కూడా ఇదే చెప్పింది: బ్లాక్ వేసిన అరగంటలో కదిలేటప్పటి నొప్పి తగ్గుతుంది, అయోమయం బారిన పడేవాళ్లూ తగ్గుతారు.

దానికీ ఇబ్బందులున్నాయి. చెయ్యి తిరిగిన మత్తు డాక్టర్ కావాలి. ఒక్కసారి వేసింది కొన్ని గంటలే పనిచేస్తుంది, అర్ధరాత్రి దిగిపోతే మళ్లీ వేసేవాళ్లు దొరక్కపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

అందుకే నా మాట ఇది: ముందు బ్లాక్ అడగండి. దాంతో పాటు బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులో ఆరు గంటలకొకసారి పారాసిటమాల్. బ్లాక్ దొరకని రాత్రి తక్కువ మోతాదులో ట్రమడాలో, మార్ఫినో ఇస్తామంటే అడ్డుపడకండి, పక్కన ఒకరు మేలుకుని ఊపిరి, తెలివి చూస్తూ ఉండండి. మత్తు మందని భయపడి ముసలమ్మను నొప్పితో వదిలేయడం అన్నిటికంటే చెడ్డది.

మోకీలు మార్పిడి సంగతి వేరు. వేరుశనగ పని అయ్యాక చేయించుకుందామని అనంతపురం వైపు నెలల తరబడి ఆగుతారు. అన్ని నెలలు రోజూ ట్రమడాల్ మింగితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించడం కష్టమవుతుంది. అక్కడ మోకాలికి నొప్పి జెల్, తొడ కండరాల వ్యాయామం, చేతికర్ర మేలు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపకండి. మందుల చీటీ మత్తు డాక్టర్‌కు చూపిస్తే ఎలా తగ్గించాలో ఆయనే చెబుతారు.