మాపుటో: సముద్రం కనపడని గది, రూత్ ఫస్ట్ సమాధి

జొహన్నెస్‌బర్గ్‌లో మూడు రోజులు హాయిగా గడిచాయి. నా గొడవంతా మొజాంబిక్ రాజధాని మాపుటోలోని లాడ్జితోనే.

"సముద్రం కనిపించే గది" అని రాత్రికి 3,200 మెటికాల్, అంటే దాదాపు 4,200 రూపాయలు, ముందే కట్టించుకున్నారు. కిటికీ తీస్తే పక్కింటి వాటర్ ట్యాంకు! అడిగితే "డాబా ఎక్కండి, కనిపిస్తుంది" అన్నాడు లాడ్జివాడు. ఏసీకి రోజుకు 400 వేరేనట. గది చూడకుండా పైసా కట్టకండి. మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "ఎవరో విలేకరి సమాధి కోసం ఇంత దూరమా?" అని రాత్రంతా సణిగారు.

పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల నుంచీ నాకు రూత్ ఫస్ట్ అంటే పిచ్చి. వర్ణవివక్షను ఎదిరించిన దక్షిణాఫ్రికా విలేకరి ఆవిడ. దక్షిణాఫ్రికాలోని బేతల్ పొలాల్లో నల్లజాతి కూలీల వెట్టిబతుకు గురించి 1947లోనే రాసిన మనిషి. 1982 ఆగస్టు 17న ఇక్కడి ఎడ్వార్డో మొండ్లానే యూనివర్సిటీలో, తన ఆఫీసులో, వచ్చిన పార్సిల్ విప్పింది. అందులో బాంబు. పంపింది దక్షిణాఫ్రికా పోలీసులు.

లాంగేనే శ్మశానానికి చోపెలాలో వెళ్లాం. చోపెలా అంటే అచ్చం మన ఆటోనే. 300 అడిగాడు, 250కి వచ్చాడు. గేటు దగ్గర కాపలా ఆయనకు నా ఉచ్చారణ అర్థం కాలేదు. నోట్‌బుక్‌లో పేరు రాసి చూపించగానే "ఆ!" అని ముందు నడిచాడు. భర్త జో స్లోవో సమాధి సొవెటోలో, ఈవిడది ఇక్కడ. కొన్న పూలు అక్కడ పెట్టి కాసేపు నిలబడ్డాను. మా ఆయన కూడా చెప్పులు విప్పారు.

మధ్యాహ్నం చేపల మార్కెట్. రొయ్యలు మనమే కొని వంటవాళ్లకిస్తే నిప్పుల మీద కాల్చి, పిరి పిరి కారం పూసి తెస్తారు. కిలో 700, కాల్చినందుకు 250. నాలుక చురుక్కుమంది, ప్రాణం లేచొచ్చింది. మాపుటో వెళ్తే ఇది తినకుండా రావద్దు.

రొయ్య వలుస్తూ మా ఆయనే అడిగారు, "ఆవిడని జైల్లో కూడా పెట్టారా?" అని. 1963లో, కేసే లేకుండా 90 రోజులు బంధించొచ్చనే చట్టం కింద పెట్టారని చెప్పాను. గడువు తీరగానే వదిలినట్టే వదిలి, వీధిలోనే మళ్లీ పట్టుకున్నారు. మొత్తం 117 రోజులు. ఆయన చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది.

లాడ్జికొచ్చేసరికి కరెంటు లేదు. జనరేటర్ ఉందిట. దానికీ వేరేనట.